ఎంకపల్లిలో పడిన తలుపు

లాక్‌డౌన్ ఎత్తేసిన మరుసటి ఏడు, వానలు మొదలైన రోజుల్లో ఒక సోమవారం, మొయినాబాద్ రోడ్డు మీది షెడ్డు నుంచి నన్ను ఎంకపల్లికి పంపారు. అక్కడ ఒక ఇంటి ముందు నిలబెట్టిన తెల్లకారుకు ఎడమ వైపు వెనక తలుపు బయటి హ్యాండిల్ విరిగింది. విరిగింది తీసి కొత్తది వేయాలి. షెడ్డు దాటి, పక్కన ఇంకో మిస్త్రీ లేకుండా నేను చేయబోయే మొదటి పని అది.

అప్పటికి నేను హెల్పర్‌ను. కార్ల షెడ్డులో ఎవరి మెట్టు వాళ్లది. అందరికన్నా కింద హెల్పర్. పార్టులు డీజిలుతో కడగాలి, నట్లు విప్పే పానాలు అందించాలి, సాయంత్రం నేల ఊడవాలి. దాని మీద సగం మిస్త్రీ. అతను బోల్టు విప్పవచ్చు, బిగించకూడదు. బిగించేది మిస్త్రీ ఒక్కడే, ఎందుకంటే బండి రోడ్డు మీద ఆగిపోతే తిట్లు తినేది బిగించినవాడే. మిస్త్రీలలో మళ్లీ ఇంజను మిస్త్రీ వేరు, సొట్టలు తీసే డెంటర్ వేరు, రంగు కొట్టే పెయింటర్ వేరు, తలుపుల మిస్త్రీ వేరు. తలుపుల పని అంటే అద్దాలు, తాళాలు, హ్యాండిళ్లు. చూసేవాళ్లకు చిల్లర పనిలాగా ఉంటుంది. కాని ఇంజను కంటి ముందు ఉంటుంది, తలుపు కడుపులో ఏమున్నదో కనపడదు. చేతితో తడిమి చేసుకోవాలి.

మా ఆయన నర్సింలు ఆ షెడ్డులో చాలా ఏళ్లు తలుపుల మిస్త్రీ. చేవెళ్లలో మా ఇంటికి పాత తాళాలు సంచిలో వేసుకుని తెచ్చేవాడు. వాటిని విప్పి, తుడిచి, గ్రీసు పెట్టి మళ్లీ బిగించడం నా పని. నాకు చదువు రాదు, సంతకం వరకే వచ్చు. తాళం లోపలి స్ప్రింగులు మాత్రం మాట్లాడుకుంటూనే బిగించేదాన్ని. ఆయన కరోనాలో పోయాడు. షెడ్డు యజమాని రమేశ్ సేటు నన్ను పిలిచి హెల్పర్‌గా పెట్టుకున్నాడు. తలుపుల పని డెంటర్ యాదగిరి మీద పడింది. యాదగిరికి సుత్తి పని మీద ఉన్న ప్రేమ తలుపుల మీద లేదు. ఆ పని నాకు ఇవ్వమని నేను సేటును మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ నవ్వాడు.

ఆ సోమవారం నవ్వలేదు. ఎంకపల్లి బండి ప్రభుదాసు అనే డ్రైవర్‌ది. రాత్రిళ్లు సిటీలో ఆఫీసు ఆడపిల్లలను ఇళ్ల దగ్గర దింపే డ్యూటీ. పగలంతా పడుకుంటాడు కాబట్టి బండిని షెడ్డుకు తేలేడు. సాయంత్రం అయిదింటికి డ్యూటీ ఎక్కే ముందు ఆఫీసు గేటు దగ్గర బండిని చూస్తారు. నాలుగు తలుపులూ లోపలి నుంచీ బయటి నుంచీ తెరుచుకోవాలి. ఒక్కటి తెరుచుకోకపోయినా ఆ రోజు బండి లోపలికి రాదు. యాదగిరి ఏమో జన్వాడలో ఒక ఫారంహౌస్ బండి మీద ఉన్నాడు.

సేటు నా చేతికి కొత్త హ్యాండిల్ డబ్బా ఇచ్చి అన్నాడు: “అంజమ్మా, మూడుసార్లు అడిగినవ్ గదా. ఇగో, పో. మంచిగ జేసి వస్తే రేపటి సంది తలుపులు నీయే. కంప్లెయింట్ వస్తే మళ్ల నన్ను అడుగద్దు. డీజిల్ డబ్బా, బ్రష్, నువ్వు.”

సరే అని సంచి భుజాన వేసుకుని ఆటో ఎక్కాను.

ఇల్లు ఊరి చివర, పూలతోట పక్కన ఉంది. రేకుల కింద కారు. ప్రభుదాసు లోపల గురక పెడుతున్నాడు. బయట అతని తల్లి రూతమ్మ కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నది. తెల్లచీర, మెడలో చేతుల్లో ఏమీ లేవు, గొంతు మాత్రం మైకు పెట్టినట్టు ఉంటుంది. నన్ను కిందికీ మీదికీ చూసింది.

“మిస్త్రీ ఏడి బిడ్డా?”

“నేనే వచ్చిన అవ్వా.”

“నువ్వొచ్చినవ్, కనపడుతున్నది. మిస్త్రీ ఏడి?”

నేనే చేస్తానని చెప్పాను. ఆమె ఒక కాయ తుంచి, “ఆడోళ్లు తలుపులు తీసుడు మూసుడు కొత్తనా, చెయ్యి” అన్నది. తరువాత హ్యాండిల్ కథ చెప్పింది. నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక, తలుపు లాక్ వేసి ఉండగా ఆమె చెల్లెలు దాన్ని రెండు చేతులతో పట్టి గుంజిందట. ఎండకు ఎండిన ప్లాస్టిక్ విరిగి చేతిలోకి వచ్చిందట. “హ్యాండిల్ పట్టుకొని అట్లనే ఇంటిదాక వచ్చింది, ప్రసాదం తెచ్చినట్టు” అన్నది.

ఇక పని. హ్యాండిల్ విరగగా మిగిలిన మొదలును వేలితో ఎత్తి తలుపు తెరిచాను. ముందు లోపలి వైపు నుంచి మొదలుపెట్టాలి. తలుపు లోపల చేయి ఆనించుకునే అట్టను మేము ప్యాడ్ అంటాము. లోపలి హ్యాండిల్ వెనక ఒక స్క్రూ, చేయి పెట్టే గుంట అడుగున ఒకటి, అంచుల వెంట ప్లాస్టిక్ క్లిప్పులు. స్క్రూలు పేచ్‌కస్‌తో తీసి, అట్టను కింది నుంచి మెల్లగా ఊడదీస్తే క్లిప్పులు ఒకటొకటి టప్ టప్ అని వదులుతాయి. తొందరపడితే విరుగుతాయి, విరిగిన క్లిప్పు దొరకదు, ప్యాడ్ జన్మంతా గలగలమంటుంది. ప్యాడ్ వెనక నీళ్లు రాకుండా అంటించిన ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. అది చింపకుండా సగం వరకు ఒలిచాను. దాని వెనక రేకులో కంతలు కనిపించాయి.

ఆ కారుకు తాళం పక్కన ఉన్న కంత చాలా చిన్నది. మగవాళ్ల చేయి మణికట్టు దగ్గరే ఆగిపోతుంది. వాళ్లు చేయాలంటే అద్దం, అద్దం జారే పట్టీ రెండూ విప్పుకోవాలి. అదే రెండు గంటల పని. నా చేయి సన్నం, గాజులు కూడా లేవు. మోచేతి దాకా పోయింది.

బయటి హ్యాండిల్ నుంచి తాళానికి ఒక ఇనుప కడ్డీ దిగుతుంది. హ్యాండిల్ లాగితే కడ్డీ తాళం రెక్కను కదుపుతుంది, తలుపును పట్టి ఉంచే తాళం నాలుక విడుస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. కడ్డీ కొసను ఒక చిన్న క్లిప్పు పట్టుకుని ఉంటుంది. క్లిప్పును పక్కకు తిప్పితే వదులుతుంది, మళ్లీ తిప్పి నొక్కితే పడుతుంది. నేను కడ్డీ వదిలించి, రెండు నట్లు తీసి, విరిగిన హ్యాండిల్‌ను బయటికి లాగాను. కొత్తది పెట్టి నట్లు బిగించాను. అవి నా చేతితో బిగించిన మొదటి నట్లు, షెడ్డు లెక్కలో. కడ్డీ కొసను క్లిప్పులో పెట్టాను. క్లిప్పును తిప్పి నొక్కాలి. అప్పటికి చేయి మొద్దుబారి, రేకు అంచు కోసుకుని నెత్తురు కూడా వస్తున్నది. ఒక్క నిమిషం అని చేయి బయటికి తీశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తలుపుల పనిలో పెద్ద కట్టుబాటు ఒకటే. తలుపు తెరిచి ఉండగానే తాళం నాలుకను పేచ్‌కస్‌తో మూసిన స్థితికి నెట్టి, హ్యాండిల్ లాగి, నాలుక విడుస్తున్నదా లేదా చూడాలి. బయటిది చూడాలి, లోపలిది చూడాలి. చూడకుండా తలుపు మూయకూడదు. మూసి అది తెరుచుకోకపోతే దాన్ని తలుపు పడింది అంటాము. పేచ్‌కస్ పెట్టకుండా తలుపు మూసినవాడు మిస్త్రీయే కాదు అని మా ఆయన అన్నం తింటూ కూడా చెప్పేవాడు.

రూతమ్మ చాయ్ తెచ్చింది. “ఏసినవా బిడ్డా కొత్తది?” అని అడిగింది. వేశానని చెప్పాను. చాయ్ గ్లాసు నా ఎడమ చేతిలో పెట్టి, నెత్తి మీద కొంగు కప్పుకుని కారు దగ్గరికి నడిచింది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉన్నది. బోరు మోటారు కానీ కుట్టుమిషన్ కానీ, బాగు చేయించిన వస్తువు ఏదైనా మళ్లీ వాడే ముందు దాని మీద చేయి పెట్టి ప్రార్థన చేస్తారు. నాకు ఆ సంగతి తెలియదు. “కండ్లు మూసుకో బిడ్డా” అన్నది. పెద్దమనిషి చెప్పింది, వాళ్ల ఇల్లు, కాదనడం ఎట్లా? గ్లాసు పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

ఆమె ప్రార్థన ఎప్పుడూ తలుపు వేసుకునే చేస్తుందట. గుడిసెలో ఉన్నప్పటి నుంచి అదే అలవాటు. కారు అయినా తలుపు తలుపే కదా.

టక్ అన్నది. ఆ చప్పుడుకు కళ్లు తెరిచాను. ఆమె రెండు చేతులతో ఇంకొంచెం నెట్టింది. మళ్లీ టక్ అన్నది. కార్ల తాళానికి రెండు మెట్లు ఉంటాయి. మొదటి చప్పుడుకు సగం పడుతుంది, రెండో చప్పుడుకు పూర్తిగా పడుతుంది. ఆ వెనకే తలుపు కడుపులో కడ్డీ జారి రేకుకు తగిలి మోగింది.

“ప్రభువా, నా కొడుకు బండిని కాపాడు. ఎక్కే ఆడపిల్లలను కాపాడు, దిగే ఆడపిల్లలను కాపాడు. ఈ బిడ్డ చేతి పనిని దీవించు తండ్రీ…”

మధ్యలో ఆపలేకపోయాను. ఆమెన్ అనే దాకా నిలబడ్డాను. ఆమె పక్క పూలతోటలో పని చేసేవాళ్లందరి పేర్లూ చెప్పింది.

తరువాత బయటి హ్యాండిల్ లాగాను. దారం తెగిన గాలిపటంలాగా వట్టిగా ఆడింది. అటు తిరిగి కుడి తలుపులో నుంచి ఎక్కి లోపలి హ్యాండిల్ లాగాను. అదీ వట్టిదే. ఆదివారం పిల్లలతో చర్చికి పోయినప్పుడు చైల్డ్ లాక్ వేసి, తీయడం మరిచిపోయారు. అది వేస్తే లోపలి హ్యాండిల్ పనిచేయదు. దాని మీట తలుపు అంచున ఉంటుంది, తలుపు తెరిస్తేనే దొరుకుతుంది. పని మొదలుపెట్టేటప్పుడు ఆ మీట చూడవలసింది నేనే. చూడలేదు.

అప్పుడే సేటు ఫోన్ చేశాడు. అయిందా అని అడిగాడు. తలుపు పడితే దాన్ని గుంజే ముందు షెడ్డుకు చెప్పాలని కట్టుబాటు, ఎందుకంటే గుంజితే తాళం వంకర పోతుంది. చెబితే ఏమవుతుందో నాకు పొద్దున్నే చెప్పి పంపాడు. రూతమ్మ మీద పెట్టి చెబుదామా అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

“తలుపు పడ్డది సేటు” అన్నాను.

“యాదగిరి జన్వాడ సంది వచ్చెటాలకు నాలుగు దాటుతది. అందాక ముట్టకు. కూసో” అని పెట్టేశాడు.

నాలుగు దాటి యాదగిరి వచ్చి అద్దం విప్పితే ఆరు అవుతుంది. డ్యూటీ పోతుంది. డ్యూటీ పోతే కంప్లెయింట్ వస్తుంది. కంప్లెయింట్ వస్తే నాకు డీజిల్ డబ్బా, బ్రష్.

మాటల చప్పుడుకు ప్రభుదాసు లేచి వచ్చాడు. లుంగీ సర్దుకుంటూ హ్యాండిల్ ఒకసారి లాగి చూశాడు, ఇంకోసారి లాగి చూశాడు.

“ఏమైంది అక్కా?”

రూతమ్మే ముందు చెప్పింది: “నేను మూసిన రా. ప్రార్థన జేసిన.”

“మంచిగ జేసినవమ్మా. ఇగ దొంగలకు గూడ రాదు, నాకు గూడ రాదు.”

“తలుపే గద రా మూసింది. నీ నోరు గూడ మూస్తే పనయిపోవు.”

“అయిదింటికి గేటు కాడ ఏమని చెప్పాలె? దేవునికి అప్పజెప్పిన తలుపు, తెరువరాదు అని చెప్పాలెనా?”

“చెప్పు. ఆయన పేరు ఇంటే భయపడుతరు.”

నాకు నవ్వు రాలేదు. తప్పు ఆమెది కాదని, క్లిప్పు నొక్కకుండా చేయి తీసింది నేనేనని ప్రభుదాసుకు చెప్పాను. అతను నా చేతి నెత్తురు చూశాడు, గోడ గడియారం చూశాడు, మూడు కావస్తున్నది. “తెరుస్తవా అక్కా, తెరువవా? ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను వేరే బండి అడుగుకోవాలె” అన్నాడు.

“జర ఆగు, చూస్త” అన్నాను. సేటు ముట్టవద్దు అన్నాడు. ముట్టకుండా కూర్చుంటే ఏమవుతుందో లెక్క తేలిపోయింది. గుంజితేనే కదా తాళం వంకర పోయేది. నేను గుంజదలచుకోలేదు.

వెనక సీటు మీద పక్కకు పడుకుని, ముఖం తలుపుకు ఆనించి, చేయి కంతలో పెట్టాను. ప్రభుదాసు టార్చి పట్టాడు. దానితో లాభం లేదు, కంత నిండా నా చేయే. ఆర్పేయమన్నాను. చేవెళ్లలో ఇంట్లో కరెంటు పోయినప్పుడు తాళాలు బిగించినట్టే కళ్లు మూసుకున్నాను. పడిపోయిన కడ్డీ జోలికి పోలేదు. దాన్ని పట్టుకుని ఎక్కించడం ఆ సందులో కాని పని. కడ్డీ కదిపే రెక్కను వేలితో నేరుగా కదిపితే చాలు. తాళం మీద రెండు రెక్కలు ఉంటాయి. ఒకటి లాక్ వేసేది, ఒకటి నాలుక విడిపించేది. మొదట దొరికింది లాక్ వేసేది. దాన్ని కదిపితే ఉన్న తలుపు ఇంకా గట్టిగా బిగిసింది. మళ్లీ వెనక్కి తెచ్చాను. దాని వెనక, వేలి గోరు తగిలేంత దూరంలో రెండోది. వేలు చాలలేదు.

“సైకిల్ పుల్ల ఉన్నదా ఇంట్ల?” అని అడిగాను. ప్రభుదాసు పాత సైకిల్ చక్రం నుంచి ఒకటి విరిచి తెచ్చాడు. కొస వంచి కొక్కెం చేసి, రెండు వేళ్ల మధ్య పట్టి లోపలికి పంపాను. కొక్కెం రెక్కకు తగులుకుంది. లాగాను. రెక్క కదిలింది, నాలుక మాత్రం కదలలేదు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు తలుపును బయటికి తోస్తుంటే నాలుక మీద బరువు పడుతుంది. ఆ బరువు తగ్గాలి.

“అవ్వా, బయట నిలబడి తలుపును లోపలికి నెట్టు.”

“తెరుసుడుకు నెట్టుడేంది బిడ్డా? ఇంతకుముందు నెట్టినందుకే గదా ఇదంత?”

“అందుకే నువ్వే నెట్టాలె. గట్టిగ.”

ఆమె నెట్టింది. నేను లాగాను. రెండు మూడుసార్లు జారింది. చెమట కంట్లోకి దిగుతున్నది, తుడుచుకోవడానికి ఇంకో చేయి నా కిందే ఇరుక్కుని ఉన్నది. నాలుగోసారి ఆమె భుజం పెట్టి నెట్టింది. నాలుక వదిలిన చప్పుడు నాకు చెవితో కాదు, మోచేతి ఎముకలో వినపడింది. వదిలింది అవ్వా అన్నాను. ఆమె భుజం తీసింది. తలుపు దానంతట అది వెనక్కి వచ్చింది.

“స్తోత్రం!” అని రూతమ్మ మళ్లీ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ప్రభుదాసు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. “ఆగమ్మా, ఆగు. ముందు మిస్త్రీని అడుగు.”

ఈసారి క్రమం తప్పలేదు. ముందు చైల్డ్ లాక్ మీట కిందికి దించాను. కడ్డీని పైకి తెచ్చి క్లిప్పులో పెట్టి, తిప్పి, నొక్కి, లాగి చూశాను. పేచ్‌కస్‌తో నాలుకను రెండు మెట్లూ మూసి బయటి హ్యాండిల్ లాగాను. విడిచింది. మూడుసార్లు అట్లా చేశాను, లోపలిది మూడుసార్లు చేశాను. అప్పుడు తలుపు మూసి తెరిచాను. తరువాత కాగితం అంటించి, ప్యాడ్ ఎక్కించి, స్క్రూలు బిగించాను. రూతమ్మ అప్పుడు ప్రార్థన చేసింది. తలుపు మూసే చేసింది.

నాలుగు దాటాక యాదగిరి వచ్చాడు. తలుపును పదిసార్లు వేశాడు, తీశాడు, వంక దొరకలేదు. కంతలో చేయి పెట్టబోతే మణికట్టు దగ్గర ఆగింది. సైకిల్ పుల్ల చేతిలోకి తీసుకుని చూసి నవ్వాడు.

“ఫికర్ జెయ్యకు వదినె. నర్సింలన్న గూడ రెండు పడేసిండు. ఒకటి పెండ్లికారు. పెండ్లికొడుకును కిటికీలకెల్లి దించినం.”

అన్ని ఏళ్లలో ఆయన ఆ ముచ్చట నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. అన్నం ముందు అన్నిసార్లు ఆ ఒక్క హెచ్చరికే ఎందుకు చేసేవాడో ఆ రోజు తెలిసింది.

ప్రభుదాసు నాలుగున్నరకు బండి తీశాడు. గేటు దగ్గర ఏ మాటా రాలేదు. నేను షెడ్డుకు వచ్చి జరిగింది జరిగినట్టు సేటుకు చెప్పాను. క్లిప్పు నొక్కకపోవడం, చైల్డ్ లాక్ చూడకపోవడం, కళ్లు మూసుకోవడం, ముట్టవద్దంటే ముట్టడం, అన్నీ చెప్పాను. ఆయన యాదగిరి వైపు చూశాడు. యాదగిరి, “తలుపు మంచిగున్నది సేటు” అన్నాడు. మరునాడు పొద్దున ఒకాయన అద్దం దిగడం లేదని కారు తెచ్చాడు. సేటు కుర్చీలో నుంచి లేవకుండానే, “అగో, ఆమెకు చూపెట్టు” అన్నాడు. అంతే. ఆ పని నేను పోయినేడు షెడ్డు మానేసే దాకా చేశాను.

ఎంకపల్లిలో నేర్చుకున్నది ఒకటి ఉన్నది. కారు ఒంటికి, తలుపు నాలుక పట్టుకునే చోట, వంపు తిరిగిన ఇనుప కొండి ఉంటుంది. దానికి లావుగా గుడ్డ చుడితే ఎవరు నెట్టినా తలుపు పడదు. మా ఆయన మూయవద్దు అని చెప్పాడు కాని, ఎవరూ మూయలేకుండా ఏం చేయాలో చెప్పలేదు. ఇళ్లకు పోయి చేసే పనిలో చుట్టూ మనుషులు ఉంటారు. పిల్లలు ఉంటారు, గాలి ఉంటుంది, ఎవరి అలవాటు వాళ్లకు ఉంటుంది. మూయవద్దని ఎందరికి చెబుతాం? ఆ తరువాత నేను ఏ బండి దగ్గరికి పోయినా స్క్రూ విప్పే ముందే కొండికి గుడ్డ చుట్టాను. నా చేతిలో మళ్లీ తలుపు పడలేదు.